మా నీళ్ళు త్రాగరా?

శ్రమదినములు ఆరంభమైన వారములో మేము ఒక ఇల్లు ఎక్కి ప్రయాణము చేశాము. అవును, ఇల్లే. మా తమ్ముడు గల్ఫు నుండి తిరిగి వచ్చాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాడు. రవాణా శాఖవారి అనుమతి తీసుకొని, సీట్లు ఊడదీయించి, దానిని చిన్న కాపురపు ఇల్లుగా మార్పించాడు. రెండు మంచాలు, మడతపెట్టే బల్ల, చిన్న గ్యాసు పొయ్యి, వెనుక ప్రక్క వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, పైకప్పు మీద సోలారు పలక. కిటికీలకు మా మరదలు కుట్టిన పూల తెరలు. పదిరోజుల ప్రయాణమునకు మేమిద్దరము, తమ్ముడు, మరదలు, వారి పిల్లలిద్దరు, డెబ్బది ఎనిమిదేళ్ళ మా అమ్మ బయలుదేరాము. హైదరాబాదు నుండి పల్లె దారులు పట్టుకొని కాళేశ్వరము వరకు, అక్కడినుండి గోదావరి దాటి పైకి వెళ్ళాలని అనుకున్నాము. ఇక్కడ వ్రాస్తున్నది అందులో మూడవ రోజు సంగతి మాత్రమే.

చక్రాల మీద ఇల్లు అనగానే మన తెలుగువారికి ఎన్.టి. రామారావు గారి చైతన్యరథం గుర్తుకు వస్తుంది. 1982లో పార్టీ పెట్టిన తరువాత ఆయన పాత షెవ్రొలే వ్యానును మార్పించుకొని, కుమారుడు హరికృష్ణ నడుపుచుండగా రాష్ట్రమంతా తిరిగారు. అందులోనే పడక, రోడ్డు ప్రక్కనే స్నానము, భోజనము. క్రైస్తవ సేవలో కూడా ఇటువంటి బండ్లు ఉండేవని మన యౌవనస్థులలో చాలామందికి తెలియదు. అమెరికాలో బాప్టిస్టులు 1891లో ఒక రైలు పెట్టెనే దేవాలయముగా చేసి దానికి 'ఇవాంజెల్' అని పేరు పెట్టారు. పెట్టెలో ఒక చివర సేవకుడు, ఆయన భార్య కాపురము ఉండేవారు. మిగిలినదంతా బల్లలు, ప్రసంగ వేదిక. గుడిలేని ఊళ్ళలో ఆ పెట్టెను పట్టాల ప్రక్కన నిలిపి ఆరాధన జరిపేవారు. మా తమ్ముడికి ఈ సంగతి చెప్పగా, అయితే మన బండికీ ఒక పేరు పెట్టాలి అన్నాడు. పిల్లలు రెండు రోజులు దాని మీదనే తగవులాడుకున్నారు. పేరు మాత్రము కుదరలేదు.

మూడవ రోజు తెల్లవారుజామున జనగామ నుండి కదిలాము. అంతకుముందు రాత్రి అక్కడ ఒక చర్చి ఆవరణలో బండి ఆపుకొని పడుకున్నాము. పెద్ద రహదారి విడిచి పాలకుర్తి దారి పట్టగానే లోకము నెమ్మదించింది. పాలకుర్తి సోమనాథుని ఊరు, చాకలి ఐలమ్మ పోరాటము చేసిన ఊరు. ప్రక్కనే పోతనగారి బమ్మెర. తొర్రూరు వచ్చేసరికి బాగా తెల్లవారింది. అక్కడినుండి ఎటు చూసినా ఏరిన మిరపకాయలు కల్లాలలో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు పెద్దవాడు తుమ్ముతూనే ఉన్నాడు. చేలగట్ల మీద మోదుగుచెట్లు ఆకంతా రాల్చి పువ్వులతో నిలుచున్నాయి.

ఇంటిబండిలో పోవడము ఎంత సుఖమో చెప్పకుండా ఉండలేము. టిఫిను కొరకు హోటలు వెదకనక్కరలేదు, రోడ్డు ప్రక్కన చింతచెట్టు క్రింద ఆపి ఉప్మా చేసుకున్నాము. అమ్మకు నడుము నొప్పి వస్తే అక్కడే పడక. నీళ్ళు మనవే, పాత్రలు మనవే, దుప్పట్లు మనవే. దారి కూడా ఎవరినీ అడగనక్కరలేదు, ఫోను చెబుతుంది. మూడు రోజులలో మేము బయటివారితో మాట్లాడిన మాటలు లెక్కపెడితే డీజిలు పోసిన అబ్బాయితోను, జనగామ చర్చి కాపలాదారుతోను తప్ప మరి లేవు. ఈ లెక్క పెట్టినది అమ్మ. "ఊళ్ళు చూస్తున్నాము గాని, ఊళ్ళలో ఎవరినీ చూడలేదురా" అన్నది. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు.

మహబూబాబాదు చేరి, అక్కడినుండి దోర్నకల్లు వెళ్ళాము. 2024 సెప్టెంబరు 1న కురిసిన భారీ వర్షాలకు కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వ్రేలాడిన బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయిన రోజు అది. ఆ రైలు దారిలోనే దోర్నకల్లు ఒక జంక్షను. కాజీపేట నుండి విజయవాడ పోయే దారిలో కొత్తగూడెము వైపు మరొక దారి చీలేది ఇక్కడే. దక్షిణ ఇండియా సంఘములో ఒక అధ్యక్ష మండలానికి ఈ చిన్న ఊరి పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఒక తమిళ సోదరుని గూర్చి చెప్పాలి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతములో వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టారు. 1903లో తన ప్రాంతపు విశ్వాసులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. మన దేశస్థుల కానుకలతో, మన దేశస్థులనే పంపాలని వారి ఉద్దేశము. వారు ఎంచుకున్న పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్లు. ఇతరులను పంపి తాను ఊరుకోలేక 1909లో ఆయనే వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు. 1945 జనవరి 1న ఈ దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించారు.

ఆయన కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్ ముందు మేము గంటన్నర గడిపాము. ఎన్నో ఏళ్ళు పట్టిన కట్టడము అది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు చూస్తే మసీదు జ్ఞాపకము వస్తుంది, స్తంభాలు చూస్తే మన దేవాలయ మండపము జ్ఞాపకము వస్తుంది. లోపల నిలుచుంటే మాత్రము ఇది మన ఇల్లు అనిపిస్తుంది. విలాయతు నుండి నకలు తెచ్చి కట్టిన రాతి గుళ్ళను మేము తక్కువ చేయడము లేదు గాని, మా మట్టుకు మాకు ఇదే ఎక్కువ ఇష్టము.

అమ్మ ఒక బల్ల మీద కూర్చొని తన తల్లి చెప్పిన సంగతులు పిల్లలకు చెప్పింది. అమ్మ తాతగారు పల్లెలో ఉపదేశి. బిషప్పు గారు ఎద్దుబండి మీద వచ్చేవారట. బండి పోని చోటికి సైకిలు, సైకిలు పోని చోటికి కాలినడక. ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్ గారు కూడా ఊళ్ళు తిరిగేవారు. వచ్చినవారు అలా కనబడి ఇలా వెళ్ళిపోయేవారు కాదు. బాప్తిస్మమునకు సిద్ధపడినవారిని పరీక్షించాలి, నిర్ధారణ ఆరాధన జరపాలి, తగవులు వినాలి, పిల్లలు ఏమి చదువుతున్నారో చూడాలి. పల్లెకు నాలుగు శత్రువులున్నాయని బిషప్పు గారు బోధించేవారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఇవి నాలుగూ ఎద్దుబండి ఎక్కి చూస్తే కనబడవు, ఇంటి అరుగు మీద కూర్చుంటే కనబడతాయి. అమ్మ తాతగారి ఇంట్లో బిషప్పు గారు భోజనము చేశారని మా కుటుంబములో చెప్పుకుంటారు. ఏమి వడ్డించారో కూడా చెబుతారు. దొడ్డు బియ్యపు అన్నము, చింతచిగురు పప్పు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పప్పు సంగతి మరచిపోలేదంటే అది ఎటువంటి భోజనమో ఆలోచించండి. దోర్నకల్లు పల్లెలలో ప్రభువును అంగీకరించినవారిలో ఎక్కువమంది మాల మాదిగ వాడలవారు. వారి ఇంటి గడప దాటి, వారి పళ్ళెములో తినేవాడు అప్పటి వరకు ఎవడున్నాడు?

భోజనపు బల్ల విలువ అజరయ్య గారికి తెలుసు. 1910లో ఎడిన్‌బరోలో లోకమంతటి మిషనరీలు కూడిన మహాసభలో ఆయన మాట్లాడారు. అప్పటికి ముప్పది ఐదేళ్ళవాడు. తెల్ల మిషనరీలు ఎంత త్యాగము చేసినా భారతీయ సహపనివారితో సమముగా కూర్చోవడము, కలిసి భోజనము చేయడము అరుదుగా ఉన్నదని వారి ముఖము మీదనే చెప్పి, మాకు స్నేహితులు కావాలని అడిగారు. కొందరు నొచ్చుకున్నారు. అడిగినవాడు మాత్రము తన పల్లెలలో తాను అడిగినట్లే చేసి చూపించాడు.

మధ్యాహ్నము మహబూబాబాదు మీదుగా తిరిగి వచ్చి గూడూరు దాటాము. కుడివైపు కొత్తగూడ, గంగారం అడవులు. కోయ గూడేలు, లంబాడీ తండాలు, మధ్య మధ్య పత్తి చేలు, మిరప చేలు. అక్కడ ఎదురుగా వస్తున్న ట్రాక్టరుకు దారి ఇవ్వబోగా వెనుక టైరు పంచరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. కాని జాకీ పెట్టిన చోట మట్టి మెత్తగా ఉండి, ఎత్తిన కొద్దీ జాకీయే భూమిలోకి దిగిపోతున్నది. బరువైన ఇల్లు కదా!

అరగంటలో నలుగురు అబ్బాయిలు వచ్చారు. ఒకడు పరుగెత్తి మందపాటి చెక్క ఒకటి తెచ్చి జాకీ క్రింద పెట్టాడు. వాడ రోడ్డుకు దగ్గరే. బండి అద్దము మీద మా తమ్ముడు అంటించిన చిన్న సిలువ గుర్తు చూసి, ఒక వృద్ధురాలు చేతికర్రతో నెమ్మదిగా నడిచి వచ్చింది. "వందనాలు" అని మా అమ్మకు చేతులు జోడించింది. వెంట వచ్చిన మనుమరాలి చేతిలో స్టీలు చెంబు. ఎండన బడి వచ్చారు, నీళ్ళు తాగున్రి అన్నది.

ఏడేళ్ళ మా చిన్నవాడు ముందుకు వచ్చి, ఎంతో మర్యాదగా, "వద్దండీ, మా నీళ్ళు మాకు ఉన్నాయి" అన్నాడు. ట్యాంకు కూడా చూపించాడు. వాడికి ఆ ట్యాంకు అంటే గర్వము.

ఆమె ఒక్క నిమిషము ఆగి, కోపము లేకుండానే అడిగింది. "మీ నీళ్ళు మీకున్నయి బిడ్డా. మరి మా నీళ్ళు తాగరా?"

పిల్లవానికి ఏమీ అర్థము కాలేదు. అర్థమైన పెద్దవాళ్ళమందరము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. అమ్మ మాత్రము బండి మెట్టు దిగి చెంబు అందుకొని, పైకెత్తి పోసుకోకుండా, అంచుకు పెదవి ఆనించి సగము త్రాగింది. మిగిలిన సగము మాకు ఇచ్చింది. అందరమూ ఆ చెంబుతోనే త్రాగాము. ఆ తరువాత ఆమె ముఖము చూడవలసినది.

మన చదువరులలో పట్నములో పుట్టి పెరిగినవారికి ఇందులో ఇంత విశేషమేమున్నదని అనిపించవచ్చును. ఈ దేశములో నీళ్ళకు ఉన్నంత చరిత్ర అన్నానికి కూడా లేదు. ఊరి బావి దగ్గర దూరముగా నిలుచుండి, ఎవరైనా దయతలచి దోసిట్లో పోస్తే త్రాగినవారి మనుమలు, మునిమనుమలే మన సంఘాలలో అనేకులు. మహద్ చెరువులో అందరితోపాటు గుక్కెడు నీళ్ళు త్రాగడానికి డాక్టర్ అంబేద్కర్ గారు 1927 మార్చి 20న వేలమందితో నడిచి వెళ్ళవలసి వచ్చింది. టీ హోటళ్ళలో రెండు రకాల గ్లాసులు పెట్టిన రోజులు మన తరమువారూ ఎరుగుదురు. అటువంటి వాడలో నిలుచుండి 'మా నీళ్ళు మాకు ఉన్నాయి' అంటే ఆ మాట పాత మాట వలెనే వినబడుతుంది. అన్నది పసివాడు, కారణము ఆరోగ్యము, చూపించినది శుభ్రమైన ట్యాంకు. అయినా ఆమె చెవికి అది ఎప్పుడో విన్న మాటే. ఆమె అడిగిన ప్రశ్నలో ఏడుపు లేదు, నిష్ఠూరము కూడా పెద్దగా లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే.

యోహాను సువార్త నాలుగవ అధ్యాయము ఈ రోజులలో మరల ఒకసారి తీసి చదవండి. ప్రయాణపు అలసటతో ప్రభువు సుఖారు బావి దగ్గర కూర్చున్నారు. శిష్యులు ఆహారము కొనడానికి ఊరిలోనికి పోయారు. ఆయన దగ్గర చేదుకొనుటకు ఏమీ లేదని ఆ స్త్రీయే గుర్తుచేస్తుంది. యూదులు సమరయులతో సాంగత్యము చేయని కాలములో ఆయన మొదట చేసిన పని ఆమెను నీళ్ళు అడగడము. ఇచ్చేవాడు ముందుగా అడిగేవాడయ్యాడు. ఆయన దగ్గర ఒక తోలుసంచి నిండా నీళ్ళు ఉన్నట్లయితే ఆ సంభాషణ ఎలా మొదలయ్యేదో మేము దారి పొడుగునా ఆలోచించాము. ఆ అధ్యాయములోనే మరొక చిన్న మాట ఉంది, చాలామంది గమనించరు. ఆ ఊరివారు బతిమాలగా ఆయన అక్కడ రెండు దినములు ఉన్నారు. రెండు దినములంటే కనీసము నాలుగు భోజనాలు, రెండు రాత్రుల పడక. అన్నీ సమరయుల ఇళ్ళలోనే. కరవు రోజులలో సారెపతు విధవరాలిని ఏలీయా మొదట అడిగినది కూడా నీళ్ళే. లూకా పదియవ అధ్యాయములో డెబ్బదిమందిని పంపినప్పుడు ప్రభువు సంచి, జాలె, చెప్పులు వద్దన్నారు, పెట్టినది తినమన్నారు. వారు ఎవరి గుమ్మము ముందైనా ఆగవలసిందే, ఆ విధముగా ఆయన పంపించారు.

తల్లులైన మన చదువరులు వెంటనే అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఎవరు చూస్తారు? న్యాయమైన ప్రశ్న. పల్లె నీళ్ళన్నీ చెడ్డవని, పట్నము నీళ్ళన్నీ మంచివని అనుకోవడములోనే మొదటి చిక్కు ఉంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కుళాయిలు ఇప్పుడు తండాలలో కూడా ఉన్నాయి. ఇరవై లీటర్ల ఫిల్టరు డబ్బా మన ఇంటికి వచ్చినట్లే వాడకూ వస్తున్నది. ఆ చెంబులోనివి కూడా డబ్బా నీళ్ళేనని తరువాత తెలిసింది. పాలు త్రాగే పిల్లలు, రోగులు ఉంటే సంకోచించకుండా "ఒక టీ పెట్టి ఇస్తారా అమ్మా" అని అడగండి. నీళ్ళు మరిగిపోతాయి, ఇల్లుగలామె సంతోషిస్తుంది. వేడి అన్నము తినండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. అజరయ్య గారు మురికిని పల్లెకు శత్రువు అన్నారు గాని పల్లెవారిని అనలేదు. మురికి పోవాలని చెప్పడము, ఆ ఇంట్లోనే కూర్చొని తినడము, ఆయనకు రెండూ ఒకే సేవలోనివి.

టైరు మార్చడము అయిపోయినా మేము వెంటనే కదలలేదు. ఆమె కదలనివ్వలేదు. రేకుల ఇల్లు, ముందు చిన్న పందిరి. కోడలు మిరపకాయలు ఏరడానికి పోయింది. మనుమరాలే వేడిగా అన్నము వండి, పచ్చిపులుసు, టమాట తొక్కు పెట్టింది. "శ్రమదినాలు గదా, కోడిని కోయలే" అని ఆమె నొచ్చుకున్నది. మా మరదలు బండిలోని అప్పడాలు, అరటిపండ్లు తెచ్చింది. పిల్లలు పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నారు, ఇంటి దగ్గర చింతపండు వాసన పడనివాళ్ళు!

తింటూండగా లోపలినుండి దగ్గు వినబడింది. ఆమె భర్త. రెండేళ్ళుగా మంచము మీద ఉన్నాడు, చూపు కూడా పోయింది. ఆ వాడలో పదమూడు కుటుంబాల సంఘము. ఒకే గది మందిరము. అయ్యగారికి ఇటువంటివి తొమ్మిది ఊళ్ళు. మోటారుసైకిలు మీద తిరుగుతారు. ఈ ఊరికి నెలలో రెండవ ఆదివారము వస్తారు. ఆ రోజు వాన పడినా, అయ్యగారికి జ్వరము వచ్చినా, మరల నెల. మిగిలిన ఆదివారములు పదవ తరగతి చదివే ఈ మనుమరాలే వాక్యము చదివి పాటలు పాడిస్తుంది. ముసలాయనకు ప్రభురాత్రి భోజనము అంది నాలుగు నెలలైంది. వచ్చిన రోజున అయ్యగారు మందిరములో ఆరాధన ముగించి రెండవ ఊరికి పరుగెత్తవలసి ఉంటుంది. ఇంటింటికి తిరిగే వేళ ఎక్కడిది?

"మీరు అయ్యగారేనా?" అని ఆ పెద్దాయన మంచము మీదనుండి అడిగాడు. కాదని చెప్పాము. "సరే, ఒక పాట పాడున్రి మరి" అన్నాడు. పాడాము. ఆయన గొంతు మా అందరికంటె ముందు నడిచింది. చరణాలన్నీ ఆయనకు నోటికి వచ్చు.

నాలుగు గంటలకు బయలుదేరాము. నర్సంపేట దాటే వరకు బండిలో ఎవరూ మాట్లాడలేదు. తరువాత తమ్ముడు, "ఈ బండి ఏడాదిలో పదకొండు నెలలు షెడ్డులోనే ఉంటుంది. ఈస్టరు వరకు అయ్యగారికి ఇచ్చి నేనే నడిపితే? ఒక ఊరిలో రాత్రి ఉండి, మర్నాడు ఇంటింటికి వెళ్ళవచ్చు. ఆయనకు నడుము నొప్పి కూడా తగ్గుతుంది" అన్నాడు. మా మరదలు వెంటనే ఒప్పుకున్నది. అమ్మ అడ్డుపడింది.

"బండి ఇవ్వు. పొయ్యి తీసివేసి ఇవ్వు."

తమ్ముడికి కోపము వచ్చింది. ఏభై దాటిన మనిషి, ఎండలో తొమ్మిది ఊళ్ళు తిరిగేవాడు, తన టీ తాను పెట్టుకుంటే తప్పేమిటని అడిగాడు. అయ్యగార్లందరూ బీదగా ఉంటేనే మనకు తృప్తి, మనము మాత్రము ఏసీలో పోతాము అని కూడా అన్నాడు. ఆ మాటలో నిజము ఉంది. సేవకులు కష్టపడితే చూసి మెచ్చుకొనే అలవాటు మన సంఘాలలో చాలా ఉంది, వారి జీతము మాట వస్తే మౌనము. మా ఉద్దేశములో అయ్యగారికి ఆ పడక ఇవ్వవలసిందే, ఎండలో ఆ నీడ ఇవ్వవలసిందే. అమ్మ మాత్రము పడక మాట ఎత్తలేదు, పొయ్యి మాటే పట్టుకొని కూర్చుంది. "పడుకోనీ, వద్దనలే. తినడానికి మాత్రము ఇంట్లోకి పోవాలె. బండిలో వండుకుంటే ఆ ముసలాయన దగ్గు ఎవరికి వినబడుతది?"

నల్లబెల్లి, మల్లంపల్లి దాటి ములుగు చేరేసరికి పొద్దుగూకింది. రామప్ప గుడి లోపలికి పోయే వేళ మించిపోయింది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. పిల్లలు నిరాశపడ్డారు. రేపు చూద్దామన్నా వినలేదు. గణపురం మీదుగా వెళ్ళగా చెల్పూరు దగ్గర విద్యుత్ కేంద్రము దీపాలు కనబడితే ఆ నిరాశ మరచిపోయారు. చీకటి అడవి నుండి ఒక్కసారిగా అన్ని దీపాలు చూడడము పెద్దవాళ్ళకే వింతగా ఉంటుంది. ఈ ప్రాంతములోనే పరకాల దారిలో మోరంచపల్లి ఉంది. 2023 జూలై 27న మోరంచ వాగు రాత్రికి రాత్రి ఊరి మీద పడగా జనము ఇళ్ళకప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. చిన్నవాడు ఇది విని, నీళ్ళు అంత ఎక్కువైనప్పుడు త్రాగడానికి నీళ్ళు ఎలాగ అని అడిగాడు. ఆ రోజంతా వాడి బుర్రలో నీళ్ళే తిరుగుతున్నట్లున్నాయి.

భూపాలపల్లిలో గనుల రెండవ షిఫ్టు ఇంకా నడుస్తున్నది. సింగరేణి క్వార్టర్ల వెనుక ఒక చర్చి ఆవరణలో బండి నిలుపుకోవడానికి ముందే అనుమతి తీసుకున్నాము. అక్కడి అమ్మగారు మమ్మల్ని చూసి, బండిలో ఎందుకు, ఇంట్లో చాపలు వేస్తాను అన్నారు. వారి ఇల్లు రెండు గదులు. మాతో కలిపి పదకొండుమందిమి. తమ్ముడు మొహమాటపడి "మాకు అన్నీ ఉన్నాయి అమ్మగారూ" అనబోయి, తల్లివైపు చూసి, మాట మార్చి "పిల్లలకు ఒక దిండు కావాలి" అన్నాడు. ఆమె మూడు దిండ్లు, ఒక పాత బొంత తెచ్చి ఇచ్చారు. రాత్రి పదింటి వరకు పిల్లలందరూ కలిసి ఆడి, ఆ బొంత మీదనే నిద్రపోయారు.

పడుకోబోయే ముందు తమ్ముడు గూడూరు వైపు అయ్యగారికి ఫోను చేశాడు. ఆ అమ్మాయే నంబరు ఇచ్చింది. మట్టల ఆదివారమునకు ముందు రెండు వారములు ఖాయపరచుకున్నారు. మంచము మీద ఉన్న పెద్దాయన ఇంటికి మొదట వెళ్ళాలని మాత్రము తమ్ముడు ఒక్క షరతు పెట్టాడు. పొయ్యి సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు. అది ఇంకా మా ఇంట్లో తేలని తగవు.

తెల్లవారి లేచి చూస్తే వంద లీటర్ల ట్యాంకులో ముప్పాతిక వంతు అలాగే ఉన్నది. ఆవరణలో అమ్మగారు క్రొత్తగా నాటిన రెండు జామ మొక్కలు వాడిపోయి ఉంటే, చిన్నవాడు బకెట్టుతో వాటికి నీళ్ళు మోసి పోశాడు. మిగిలినవి పట్టుకొని కాళేశ్వరము దారి పట్టాము.